గుమ్మం ఆట

జూన్ 4

ఒరేయ్ అల్లుడూ,

ఉత్తరమంటే ముందు క్షేమం అడిగి తర్వాత విషయానికి రావాలి. ఈసారి ముందు తిట్లు, ఓపిక మిగిలితే క్షేమం. ఫోన్ చెయ్యకు, ఎత్తను. ఫోన్లో నువ్వు ప్రతిదానికీ ఊ అని తప్పించుకుంటావు. ఊ అని ఒక్క ముక్క రాసి, స్టాంపు అంటించి పంపడానికి నీకే సిగ్గేస్తుంది.

నిన్న ఆదివారం యథాప్రకారం గ్రంథాలయం పైగదిలో క్లబ్బుకు వెళ్ళాను. మా కార్యదర్శి నీకు తెలుసుగా, తూనికలూ కొలతల శాఖలో రిటైరైనాయన. నీ చదరంగం పత్రిక చేత్తో పట్టుకుని నిలబడి, అందరూ వినేలా నీ వ్యాసం చదివాడు. "పుస్తకాలు బైండు చేసే ఒకావిడ ముప్పై ఏళ్ళుగా ఆడుతున్న పదునైన రక్షణ ఇది" అని ఎత్తుకున్నావు. నేను మురిసిపోయి కళ్ళద్దాలు తుడుచుకున్నాను. చివరికొచ్చేసరికి "తీర్పు: నల్లపావులకు నష్టం. కంప్యూటరు ముందు ఈ రక్షణ ఇక నిలవదు" అని తేల్చేశావు. ఆయన ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. పదిమందీ నా వైపు చూశారు, ఇంట్లో చావు కబురు నాకే ఆఖరున తెలిసినట్టు.

నువ్వు ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు గుర్తుగా ఉంచుకుంటానని అడిగితే నా నోటుబుక్కు ఇచ్చాను. అత్త సొమ్ము అల్లుడి దానం అంటే ఇన్నాళ్ళూ సామెతే అనుకున్నాను.

నీకు తెలిసిందే అయినా మరోసారి చెబుతాను, మర్చిపోయినట్టున్నావు. తెల్లగుర్రం దూకి, నా రాజు పక్కనున్న బంటు మీద కన్నేస్తుంది. దాని వెనక తెల్లశకటు కూడా అదే బంటును చూస్తూ కూర్చుంటుంది. అప్పుడు ఏ పుస్తకమైనా ఏం చెబుతుంది? బంటు అడ్డం పెట్టి గుమ్మం మూసుకోమంటుంది. నేను మూసుకోను. నా శకటును బయటికి తెచ్చి, అవతలి రాజు గుమ్మం వైపు తిప్పుతాను. నా ఇల్లు తీసే ఉంది నాయనా, రా, నీ ఇల్లు సంగతి కూడా చూసుకో అంటాను. అందుకే మా అన్నయ్య, అదే మీ నాన్న, దీనికి గుమ్మం ఆట అని పేరు పెట్టాడు. పేరు పెట్టి పదకొండేళ్ళు ఓడిపోయాడు కూడా.

ఇప్పుడు అసలు సంగతి. ఆగస్టు ఇరవయ్యారున పక్క క్లబ్బుతో జట్టు పోటీ. నాలుగు బల్లలు. నాలుగోది పంతొమ్మిదేళ్ళుగా నాది, ఈసారి ఆ బల్లకు నల్లపావులే వస్తాయి. కార్యదర్శి నీ వ్యాసం మడిచి జేబులో పెట్టుకుని, "అమ్మా, మీరు గుమ్మం ఆట మానేసి ఏదైనా భద్రమైన రక్షణ ఆడతానని మాటిస్తే సరే. లేదంటే నాలుగో బల్ల మా తోడల్లుడికి ఇస్తాను" అన్నాడు. ఆ తోడల్లుడు గుర్రం ఎత్తే ముందు అది ఎటు దూకుతుందో వేళ్ళతో లెక్కపెట్టుకునే మనిషి.

నాకు మిగిలిన సరదా ఆ బల్ల ఒక్కటే. దాని జోలికి రావద్దు. వ్యాసం తప్పని వచ్చే నెల రాయి.

మీ ఇంట్లో అందరూ బాగున్నారని అనుకుంటాను.

కోపంతోనే,
అత్తయ్య

*

జూన్ 11

అత్తయ్యకు,

క్షేమం అడక్కుండా తిట్టావంటే నువ్వు క్షేమమేనని అర్థమైంది. సంతోషం.

నేను నీ పేరు రాయలేదు, ఊరు రాయలేదు. ఆ ఆట మీద నాకున్న ప్రేమ కొద్దీ రాశాను. ఇక్కడ బళ్ళో పిల్లలకు చదరంగం నేర్పేటప్పుడు కూడా మొదటి రోజు గుమ్మం ఆటే చూపిస్తాను, కళ్ళు చక్రాల్లా తిప్పుకుని చూస్తారు. కానీ నెలకో ప్రారంభాన్ని పరీక్షించి తీర్పు చెప్పడం నా శీర్షిక పని. నీ నోటుబుక్కులోని ఎత్తులన్నీ ఒక్కొక్కటీ కంప్యూటరుకు ఇచ్చాను. రెండు రోజులు నడిపించాను. గుర్రంతో బంటును తిన్నవాడికి నువ్వు చుక్కలు చూపిస్తావు, నిజమే, అక్కడ నీ ఎత్తులు అమోఘం. కానీ గుర్రంతో కాకుండా శకటుతో తిని, రాజుకు చెక్ చెప్పి, తర్వాత శకటును వెనక్కి తగ్గించుకుంటే నల్లపావులకు ఒక బంటు నష్టం, పైగా రాజు బజారున పడతాడు. అది నేను కల్పించింది కాదు.

అచ్చయిన నిజాన్ని అత్తయ్య కోసం అబద్ధమని రాయమంటావా? నువ్వే అయితే రాస్తావా?

నీకు కోపం వచ్చినా ఒక పని చేశాను. భద్రమైన రక్షణ ఒకటి ఎంచి, ముప్పై పేజీల్లో నీకు అర్థమయ్యేలా రాసి, దీంతో పాటే పంపుతున్నాను. పెద్దగా బట్టీ పట్టేదేమీ లేదు. అన్నీ మూసుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఆగస్టు లోపు రోజుకో పేజీ చూసినా సరిపోతుంది. నాలుగో బల్ల నీదే ఉంటుంది.

కార్యదర్శిగారి మీద కోపం పెట్టుకోకు. ఆయన పని ఆయన చేస్తున్నాడు.

నీ అల్లుడు

*

జూన్ 19

అల్లుడికి,

నీ పుస్తకం అందింది. ముప్పై పేజీలు విడివిడిగా, మూలకో పిన్ను కొట్టి పంపావు. నా ఇంటికి అలాంటి పుస్తకం పంపడం దర్జీ ఇంటికి చిరిగిన చొక్కా వేసుకుని వెళ్ళడమే. అందుకే బైండు చేశాను. మంచి అట్ట, మంచి గుడ్డ, వెన్ను మీద బంగారు అక్షరాలు. ఇదిగో, తిప్పి పంపుతున్నాను, నీ దగ్గరే ఉంచుకో.

నాకు తీరిక లేదు. కోర్టు వాళ్ళు నలభై రిజిస్టర్లు ఒక్కసారే పడేశారు, అన్నిటికీ పురుగు. పేజీ విప్పితే జల్లెడ. ఒక్కో కాగితానికీ పల్చటి అతుకు వేసి, ఆరబెట్టి, మళ్ళీ కుట్టాలి. ఈ జిగురు వాసనకు అలవాటుపడి నాకు టీ కూడా అదే వాసన వేస్తోంది.

నువ్వడిగిన ప్రశ్నకు జవాబు. నేనైతే రాయను. అచ్చయిన నిజాన్ని అబద్ధమని రాయను. కానీ అది నిజమేనా అని మాత్రం రెండోసారి చూస్తాను. బైండింగు పనిలో నా మొదటి నియమం అదే, కుట్టే ముందు పేజీ నంబర్లు మళ్ళీ చూసుకోవడం. చూడకుండా కుట్టినవాడు పుస్తకం మొత్తం విప్పాలి.

శకటు వెనక్కి తగ్గాక నీ కంప్యూటరు ఏం ఎత్తులు వేసిందో వరుసగా రాసి పంపు. నీ వ్యాసంలో అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి వేశావు, నాకు అంతు చిక్కలేదు. మాటల్లో రాయి, నా నోటుబుక్కులో రాసినట్టు. నా తప్పు నాకు చూపిస్తే నా అంతట నేనే ఒప్పుకుంటాను. ఇంతవరకూ ఎవరూ చూపించలేదు, మీ నాన్నతో సహా.

అత్తయ్య

*

జూన్ 27

అత్తయ్యకు,

పుస్తకం అందింది. ఎంత బాగా చేశావు. కవరు విప్పిన దగ్గర్నుంచీ ఇంట్లో అందరికీ చూపిస్తున్నాను. అల్మరాలో పై అరలో పెట్టాను. నీకు నచ్చకపోతే ఇంత శ్రద్ధగా బైండు చేసి ఉండవని నాకు తెలుసు. మొత్తానికి భద్రమైన దారికి వచ్చావు, నా గుండెల మీద బరువు దిగింది. నీకు మరో ప్రతి తీసి పంపుతాను, సాధన చేసుకోవచ్చు.

నువ్వడిగిన ఎత్తులు. నీ నోటుబుక్కు నలభై రెండో పేజీలో నువ్వే రాశావు: "శకటు నాలుగో వరుసకు తగ్గితే తొందరపడకూడదు. ఏనుగును పోయిన బంటు దారిలోకి జరిపి కూర్చోవాలి." నేను అదే వేశాను. శకటు నాలుగో వరుసకు తగ్గింది, నీ ఏనుగు పక్కకు జరిగింది. అక్కడి నుంచి తెల్లమంత్రి కదులుతుంది, నీ రాజుకు ఊపిరాడదు. కంప్యూటరు అయితే ఏనుగు మాట ఎత్తదు, మంత్రి ముందున్న బంటును రెండు గళ్ళు తొయ్యమంటుంది. ఆ ఒక్క చోట నువ్వు నిదానించడమే నీ పొరపాటు. వ్యాసంలో నేను రాసింది కూడా అదే, ఈ రక్షణను పెంచినావిడ స్వయంగా చూపిన దారే ఓటమికి దారి అని.

కోపం తెచ్చుకోకు. ఒక మాట చెప్పాలి. ఐదు గంటల ఆట. నీకు అరవయ్యారు దాటాయి. ఈ పదునైన ఆటలు లేత బుర్రలకు సరిపోతాయి. ప్రతి ఎత్తుకూ ప్రాణం మీదికి వచ్చే ఆట ఎందుకు చెప్పు? నిదానంగా, కాలు మీద కాలేసుకుని ఆడుకోక.

నీ అల్లుడు

*

జూలై 4

ఒరేయ్,

అల్మరా తెరువు. పుస్తకం బయటికి తియ్యి. వెన్ను చదువు.

చదివావా? "అల్లుడి భయాలు, మొదటి భాగం." పదకొండు అక్షరాలు, ఒక కామా. అసలైన బంగారు రేకు. ఇంట్లో అందరికీ చూపించావు గదా, ఏ ఒక్కరూ వెన్ను చూడలేదా?

ఇప్పుడు రెండో విషయం. ఇది నవ్వులాట కాదు, కూర్చుని చదువు.

నాలుగో వరుస అన్నావు. ఎవరి నాలుగు?

మా షాపులో చదరంగం బల్ల ఎలా ఉంటుందో నీకు గుర్తుందా? పని బల్ల మీద కాగితం గళ్ళు నేనే అంటించి, పైన వార్నిష్ వేశాను. అది తిరగదు. గోడ వైపు జిగురు గిన్నె, కుట్టు చట్రం, నా ముక్కాలి పీట. కాబట్టి గోడ వైపు నేను. వచ్చినవాళ్ళు అవతలి వైపు కుర్చీలో కూర్చుంటారు, ముందు వాళ్ళే ఎత్తు వెయ్యాలి, మర్యాద. అందుకే ఆ బల్ల మీద ముప్పై ఏళ్ళుగా నాది నల్లపావులు, వచ్చినవాళ్ళవి తెల్లపావులు. నేను వరుసలు ఎక్కణ్ణుంచి లెక్కపెడతాను? నా పీట దగ్గర్నుంచి. తెల్లవాడు వేసిన ఎత్తైనా సరే, నా వైపు నుంచే. నాకు నాలుగోది తెల్లవాడికి ఐదోది.

శకటు తెల్లవాడి నాలుగో వరుసకు పోతే నేను ఏనుగును కదుపుతానా? అక్కడైతే నా మంత్రి ముందున్న బంటు శకటు నెత్తిన పడుతుంది, నేను కళ్ళు మూసుకుని తోస్తాను. నీ కంప్యూటరు ఇప్పుడు చెప్పింది నేను నువ్వు పుట్టకముందు నుంచీ ఆడుతున్నాను. నా నోటుబుక్కులో ఉన్నది అది కాదు. శకటు ఒక అడుగు ముందే ఆగి, నా మంత్రి ఎదురుగా, ఆ బంటును కదలనివ్వకుండా కూర్చుంటే అప్పుడు తొందరపడకూడదు, అప్పుడు ఏనుగు.

నేను ఎన్నడూ వెయ్యని ఎత్తు నా చేత వేయించి, నన్ను ఓడించి, అచ్చు వేశావు. పేజీ నంబర్లు చూడకుండా పుస్తకం కుట్టావు.

వేరే ఎవడైనా అయితే క్షమిస్తాను. నువ్వు ఆ కుర్చీలో పెరిగావు. కాళ్ళు నేలకు ఆననప్పటి నుంచీ ఆ బల్లకు అవతలి వైపు కూర్చున్నావు. నేను నాలుగు అంటే ఏ నాలుగో నీకు తెలియదా?

ఇక నా వయసు. నిన్న పద్దెనిమిది రిజిస్టర్లు కుట్టాను. నీ లేత బుర్రకు ఒక పుస్తకం వెన్ను చదవడానికి వారం పట్టింది. కాలు మీద కాలేసుకుని ఆడాలంటే నాకు ఊయల ఉంది.

అత్తయ్య

*

జూలై 13

అత్తయ్యకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను.

తప్పు నాదే. సాకు చెప్పను. నీ ఉత్తరం చదివాక నోటుబుక్కు మొదటి నుంచీ మళ్ళీ తీశాను. మొదటి పేజీలోనే నీ బల్ల బొమ్మ ఉంది, కింద గోడ అని రాసి ఉంది. నేను దాన్ని బొమ్మ అనుకుని తిప్పేశాను. నువ్వు చెప్పిన చోట శకటును పెట్టాను. ఆ నలభై రెండో పేజీ అంతా ఒక్కసారిగా అర్థమైంది. అంతకు ముందు అది నాకు వింతగా తోచింది. మా అత్తయ్య ఇక్కడ ఎందుకు ఇంత మెత్తబడింది అనుకున్నాను గానీ, నేను తలకిందులుగా చదువుతున్నానేమో అని ఒక్క క్షణం అనుకోలేదు. ఎంత పొగరు నాది.

కాబట్టి వ్యాసం తప్పు. సవరణ వేస్తాను, నా తప్పని స్పష్టంగా రాస్తాను.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలని లేదు. కానీ నువ్వు చూపిస్తే ఒప్పుకుంటానన్నావు, నీ దగ్గర దాచలేను. అసలు గడిలో శకటును పెట్టి, నువ్వు చెప్పినట్టే ఏనుగు జరిపి, కంప్యూటరును మూడు రోజులు నడిపించాను. నువ్వు వేసేది అక్కడ ఉన్న అన్నిటిలోకీ మంచి ఎత్తే. అయినా లాభం లేదు. తెల్లరాజు తన కోటలోకి వెళ్ళిపోతాడు, ఆ శకటు బండరాయిలా కదలదు, నీ దాడికి దారి దొరకదు. నేను వ్యాసంలో ఒక బంటు నష్టం అని రాశాను. అసలు లెక్క ఒకటిన్నర, పోయిన బంటుతో పాటు రాజు దుస్థితిని కూడా కంప్యూటరు బంట్లలోనే తూస్తుంది. నేను రాసిన తప్పు కంటే నిజమే ఘోరంగా ఉంది.

ఒక ఉపాయం. ఆగస్టు సంచికలో పాత వ్యాసం తప్పని మాత్రమే వేస్తాను. ఈ కొత్త లెక్క సెప్టెంబరులో వేస్తాను. నీ ఎదురు జట్టులో నాలుగో బల్ల మీద ఆడేది పళ్ళ డాక్టరమ్మ అని విన్నాను, ఆవిడ మా చందాదారే, ప్రతి సంచికా చదువుతుంది. ఈ నెల రోజులూ ఎవరికీ తెలియకుండా ఉంటే చాలు. పాము చావకుండా, కర్ర విరగకుండా పని అయిపోతుంది. అబద్ధం కూడా కాదు గదా, కాస్త ఆలస్యం అంతే.

నీ అల్లుడు

*

జూలై 20

అల్లుడూ,

నీ ఉత్తరం చదివి మూడు రోజులైంది, రిజిస్టర్లు ముట్టుకోలేదు. షాపుకు వచ్చిన కోర్టు గుమాస్తా, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉంది, మా అల్లుడు నిజం చెప్పాడు అన్నాను.

ఈ మూడు రోజులూ బల్ల ముందేసుకుని కూర్చున్నాను. గోడ వైపు కాదు, అవతలి వైపు, కుర్చీలో. మొదటిసారి తెల్లవాడి కళ్ళతో చూశాను. నువ్వన్నది నిజం. ఆ శకటు అక్కడ కూర్చుంటే నా ప్రాణం తీస్తుంది. ఇన్నేళ్ళూ అవతల కూర్చున్నవాళ్ళు చూడలేదు కాబట్టి బతికిపోయాను. బాధపడ్డాను. నీకు చెప్పకపోతే ఎవరికి చెప్పను, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను, ఆ వార్నిష్ మీదే పడ్డాయి. నా చెయ్యి కింద పెరిగిన పిల్లకు నయం కాని జబ్బుందని తెలిసినట్టుంది.

అయినా నీ ఉపాయం నాకొద్దు.

మొత్తం వెయ్యి. పాత తప్పూ, కొత్త లెక్కా, ఒకటిన్నరా, అన్నీ ఆగస్టులోనే వెయ్యి. ఎన్నో ఎత్తు దాకా కంప్యూటరు చూసిందో అంతా వెయ్యి. నేను వరుసలు ఎక్కణ్ణుంచి లెక్కపెడతానో అదీ రాయి, రేపు ఇంకెవరూ నీలా బోర్లా పడకుండా. పళ్ళ డాక్టరమ్మ చదివితే చదవనీ. గుమ్మం తీసి కూర్చునే ఆట ఆడుతూ, వీధి చివర మనిషిని కాపలా పెట్టమంటావా నన్ను? ఆవిడకు తెలియదు కాబట్టి గెలిచానంటే, ఆ గెలుపు నాకు నిద్ర పట్టనివ్వదు.

తెలుసుకుని రానీ. తెలుసుకున్న మనిషి మీద ఆడతాను.

కార్యదర్శికి కాగితం రాసిచ్చాను: "ఇరవయ్యారున నాలుగో బల్ల మీద గుమ్మం ఆటే ఆడతాను. ఓడిపోతే ఆ బల్ల మీ తోడల్లుడిది, ఇక అడగను." ఆయన నాలుగువైపులా తిప్పి చూసి, ముద్ర లేదన్నాడు. నా బైండింగు ముద్ర ఉంది, అది కొట్టాను.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటుందని నువ్వు అనుకుంటావు. కాదు. నాలుగు కాళ్ళూ లెక్కపెట్టాను. కుంటిదని తెలుసు. పందెంలో దాన్నే పరిగెత్తిస్తాను.

అత్తయ్య

*

ఆగస్టు 8

అత్తయ్యకు,

సంచిక పంపుతున్నాను. నువ్వు చెప్పినట్టే, ఒక్క అక్షరం దాచకుండా వేశాను. పదకొండో ఎత్తు దాకా ఉంది. సంపాదకుడు సవరణ చిన్నదిగా వెయ్యమన్నాడు, నేను పేజీ మొత్తం అడిగి తీసుకున్నాను.

వేసిన దగ్గర్నుంచీ నాకు మనసు కుదురుగా లేదు. నిన్ను బల్ల మీద నుంచి దింపే కాగితం నేనే రాసి, నేనే అచ్చు వేయించి, నేనే పంపుతున్నాను. ఒక్కసారికి, ఈ ఒక్క పోటీకి, ఇంకేదైనా ఆడు. ఆడితే ఓడినట్టేమీ కాదు. ఆ కార్యదర్శికి కాగితం రాసిచ్చింది నువ్వే, వెనక్కి తీసుకోవడానికీ నీకే హక్కుంది.

పంతం వదలవని కూడా తెలుసు. అందుకని అంటించిన కవరొకటి లోపల పెట్టాను. పదకొండో ఎత్తు తర్వాత నల్లపావులు ఎలా ఆడితే ఎక్కువసేపు నిలబడగలవో కంప్యూటరు చెప్పిన ఎత్తులు అందులో ఉన్నాయి. అవి అచ్చు వెయ్యలేదు. నా తప్పుకు పరిహారం అనుకో. విప్పి చూసుకో.

నీ అల్లుడు

*

ఆగస్టు 30

ఒరేయ్ అల్లుడూ,

నీ కవరు విప్పలేదు. దీంతో పాటే పంపుతున్నాను, అంచులు చూసుకో, జిగురు గురించి నాకు తెలిసినంత నీకు తెలియదు, విప్పి మళ్ళీ అంటిస్తే నాకే తెలిసేది. డాక్టరమ్మ దగ్గర లేనిది నా దగ్గర ఎందుకు? వంకర మాట కాదు, నువ్వు పంపావని ఆనందమే వేసింది. తలగడ కింద పెట్టుకున్నాను కూడా.

పోటీ బడి భోజనాల హాల్లో జరిగింది. పొడుగాటి బల్లలు, పైన ఫ్యాన్లు, కిటికీలోంచి సైకిళ్ళ స్టాండు. డాక్టరమ్మ సన్నగా, తెల్లగా ఇస్త్రీ చేసిన చొక్కాతో వచ్చింది. కూర్చోగానే చేతి సంచీ కుర్చీకి తగిలించింది. అందులోంచి నీ పత్రిక అట్ట కనబడుతోంది, మూల మడిచి ఉంది. నేను చూశానని ఆవిడ చూసింది. ఇద్దరం నవ్వుకున్నాం.

గుర్రం దూకింది. నేను గుమ్మం తీశాను. నా వెనకాల కార్యదర్శి చేతులు కట్టుకుని నిట్టూర్చాడు, మెడ మీద గాలి తగిలింది. ఆవిడ శకటుతో బంటును తిని చెక్ చెప్పింది. నా రాజు బజారున పడ్డాడు. శకటు వెనక్కి వచ్చి నా నాలుగో వరుసలో, సరిగ్గా నీ చచ్చు గడిలో కూర్చుంది. నేను ఏనుగు జరిపాను. పదకొండో ఎత్తు దాకా ఆవిడ గడియారం మూడు నిమిషాలు కూడా నడవలేదు.

పన్నెండో ఎత్తు దగ్గర నీ అచ్చు అయిపోయింది. ఆవిడ మొదటిసారి తలెత్తి నా మొహం చూసింది. ఒకటిన్నర బంటు వెనకబడి ఉన్నాను. ఆ సంగతి ఆవిడకు తెలుసు, నాకు తెలుసు, నా వెనకాల నిట్టూర్చే ఆయనకూ తెలుసు. ఇక తెలియాల్సిందేమీ మిగల్లేదు, ఇద్దరం ఆడాలి. నా రాజు పక్క బంటును ముందుకు తోశాను. అది మంచి ఎత్తు కాదని నువ్వంటావు. కానీ అవతలి మనిషి కూర్చోవాల్సిన తీరు మారిపోయింది. ఇరవై నిమిషాలు ఆలోచించింది, తర్వాత ఎత్తుకు పదిహేను. నేను టీ తాగాను.

ముప్పై ఏడో ఎత్తుకు ఆవిడ గడియారం ఆపి చెయ్యి చాపింది. ఇంకో రెండు ఎత్తుల్లో ఆటకట్టు. చెయ్యి కలిపి, పావులు మళ్ళీ మొదటి గళ్ళలో పేర్చాను.

గెలిచానన్నది కబురే గానీ, గొడవ ఆ తర్వాత మొదలైంది. కార్యదర్శి నా కాగితం చింపేసి, హాలంతా వినబడేలా, "చూశారా, కంప్యూటరే తప్పు. వచ్చే పోటీ నుంచి మన జట్టులో నల్లపావులు వచ్చిన ప్రతి ఒక్కరూ గుమ్మం ఆటే ఆడాలి, అమ్మగారు నేర్పుతారు" అన్నాడు. తోడల్లుడు నా దగ్గరకొచ్చి నోటుబుక్కు అడిగాడు. పైగా నీకు రాయమన్నాడు, వ్యాసం మళ్ళీ తప్పని, రక్షణ భేషుగ్గా ఉందని అచ్చు వెయ్యాలట.

ససేమిరా కుదరదన్నాను. నేను గెలిచింది ఆవిడ మీద, లెక్క మీద కాదు. లెక్క ఎక్కడుందో అక్కడే ఉంది. ఆ శకటు అక్కడ కూర్చుంటే నాది తప్పుడు ఆట. పదిసార్లు ఆడితే ఏడుసార్లు ఓడతాను. ఆ ఏడూ నేను ఆడతాను, అది నా ఇష్టం. భద్రంగా బతకాల్సిన వాళ్ళకు ఇది నేర్పను అన్నాను. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఓడితే పనికిరాదంటాడు, గెలిస్తే అందరూ ఆడాలంటాడు. ఆయనకు రెంటికీ మధ్య ఏమీ కనపడదు, తూకం రాళ్ళతో బతికిన మనిషి.

మంగళవారం పన్ను నొప్పి పుట్టింది. ఇంకెక్కడికి వెళ్తాను, ఆవిడ దగ్గరకే వెళ్ళాను. కుర్చీలో వెనక్కి పడుకోబెట్టి, నోట్లో దూది కుక్కి, అప్పుడు చెప్పింది.

"ఇరవై నాలుగో ఎత్తులో నేను మంత్రిని ఒక్క గడి వెనక్కి జరిపి ఉంటే మీ పని అయిపోయేది. ఇంటికి వెళ్ళి నేనే కనుక్కున్నాను, కంప్యూటరు లేకుండా. చూశారా మీరు?"

చూశాను. ఆట మధ్యలోనే చూశాను. ఆవిడ మంత్రిని వదిలి గుర్రం పక్క బంటును తోసినప్పుడు బతికిపోయాను అనుకున్నాను. నోట్లో దూది ఉంది గనక తలూపాను.

"మళ్ళీ నాతో పడితే ఇదే ఆడతారా?"

మళ్ళీ తలూపాను. ఆవిడ దూది తీసింది.

"ఆ ఎత్తు మర్చిపోకండి మరి" అన్నాను.

పన్ను పీకించుకున్నాను. ఇప్పుడు నీ పని. ఆ ఇరవై నాలుగో ఎత్తు వచ్చే నెల నీ శీర్షికలో వెయ్యి, కనుక్కున్నది డాక్టరమ్మ అని కూడా వెయ్యి. నేను గెలిచానని తీర్పు మార్చకు. నల్లపావులకు నష్టం అనే ఉంచు. దాని కింద ఇంకొక్క వాక్యానికి చోటు చెయ్యి, ఈసారి ఒకావిడ అని కాదు, మా అత్తయ్య అని రాయి.

మా అత్తయ్య ఇంకా ఆడుతోంది, అని.

దవడ వాచింది, ఇక రాయలేను.
అత్తయ్య